ఆర్కిటెక్చర్ టాప్ స్కూళ్లు: ఎక్కడ ఎలాంటి పోటీ, మీకు ఏది నప్పుతుంది

ఆర్కిటెక్చర్ చదవాలనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ముందుగా వెతికేది ఒక్కటే, ఫలానా స్కూల్లో వందమంది అప్లై చేస్తే ఎంతమందికి సీటు వస్తుంది అని. ఆ అంకె దొరకగానే జాబితా వేసుకుంటారు, తక్కువ శాతం ఉన్నది పైన, ఎక్కువ శాతం ఉన్నది కింద, ఇక అదే వాళ్ల ర్యాంకింగ్ అయిపోతుంది. అలా జాబితా వేసుకుని, తమకు ఏమాత్రం నప్పని పోటీలో ఏడాది పొడవునా కష్టపడి నీరసపడిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ఆర్కిటెక్చర్‌లో ఒక్కో స్కూలు ఒక్కో దాన్ని పరీక్షిస్తుంది. ఒకచోట లెక్కలు, ఒకచోట డ్రాయింగ్, ఒకచోట మీరు నెలల తరబడి కూర్చుని చేసిన పని, ఇంకోచోట ముందు పెద్దగా ఏమీ అడగరు గానీ మొదటి ఏడాది చివర్లో లెక్క తేలుస్తారు. వీటన్నిటినీ ఒకే శాతంతో కొలిస్తే ఏం తెలుస్తుంది?

నేనైతే స్కూళ్లని జల్లెడ ఎక్కడ పట్టారన్న దాన్ని బట్టి విడదీస్తాను. పరీక్ష హాల్లోనా, పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనుల సంకలనం) దగ్గరా, చేరాక మొదటి ఏడాదిలోనా, లేక మాస్టర్స్ దగ్గరా. ఆ జల్లెడలో నిలిచే గుణం మీలో ఇప్పటికే ఎంతో కొంత ఉందా లేదా అన్నది చూసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

శాతాలు ఎందుకు నమ్మకూడదు

ఎంఐటీనే చూడండి. అమెరికాలో యూనివర్సిటీ స్థాయిలో ఆర్కిటెక్చర్ పాఠాలు మొదట మొదలైంది అక్కడే, 1868లో. కానీ డిగ్రీ స్థాయిలో "ఎంఐటీ ఆర్కిటెక్చర్‌లో సీటు ఎంత కష్టం" అన్న ప్రశ్నకి విడిగా జవాబే లేదు. అక్కడ మిమ్మల్ని చేర్చుకునేది మొత్తం సంస్థలోకి, ఆర్కిటెక్చర్ తీసుకుంటానని మీరు చెప్పేది మొదటి ఏడాది గడిచాక. లోపలికి వచ్చేది వందలో ఐదుగురు కూడా ఉండరు, వచ్చాక మాత్రం ఆ డిపార్ట్‌మెంట్ కోసం మళ్లీ పోటీ పడక్కర్లేదు. టోక్యో యూనివర్సిటీలో ఇంకో రకం. చేరినవాళ్లంతా మొదట కామన్ కోర్సులు చదువుతారు, ఆ మార్కుల్ని బట్టే రెండో ఏడాదిలో డిపార్ట్‌మెంట్లు కేటాయిస్తారు. అంటే యూనివర్సిటీలో సీటు వచ్చినా ఆర్కిటెక్చర్‌లో సీటు వచ్చినట్టు కాదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, అప్లై చేయడం ఎంత సులువో శాతం అంత చిన్నదైపోతుంది. రెండు స్కూళ్లు ఉన్నాయనుకోండి, రెండింటికీ 50 సీట్లే. ఒకదానికి ఫారం నింపి పంపితే చాలు, 1000 మంది వేస్తారు. రెండోదానికి మూడు వారాలు కూర్చుని పని చేసి పంపాలి, అందుకని 250 మందే వేస్తారు. కాగితం మీద మొదటిది 5 శాతం, రెండోది 20 శాతం. కానీ ఆ 250 మందిలో ఊరికే ఒక రాయి వేసి చూద్దాం అనుకున్నవాళ్లు దాదాపు ఉండరు. నన్నడిగితే రెండోదే గట్టి పోటీ.

న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ ఇలాంటి స్కూలే. 1859లో పీటర్ కూపర్ స్థాపించిన సంస్థ అది, చాలా దశాబ్దాల పాటు చేరిన ప్రతి విద్యార్థికీ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది, 2014లో చేరినవాళ్ల నుంచి ఆ మాఫీని సగానికి తగ్గించారు, ఇప్పుడు మళ్లీ దశలవారీగా పాత పద్ధతికి వెళ్లే ప్రయత్నంలో ఉన్నారు. ఆర్కిటెక్చర్ బ్యాచ్ చాలా చిన్నది. అప్లై చేసినవాళ్లకి స్టూడియో టెస్ట్ పంపుతారు, కొన్ని వారాల గడువులో ఇంటి దగ్గరే చేసి పంపించాలి. వాళ్లు ఇచ్చే అంశాలకు ఒకే సరైన జవాబంటూ ఉండదు. కోచింగ్ సెంటర్లు దీనికి మోడల్ పేపర్లు తయారు చేయడం కష్టం, అదే ఆ టెస్ట్ బలం.

ర్యాంకింగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్రపంచ యూనివర్సిటీలకి ఏటా ర్యాంకులిచ్చే క్యూఎస్ సంస్థ సబ్జెక్ట్ ర్యాంకింగ్‌లో చాలా ఏళ్లు ఎంఐటీ మొదట ఉండేది, ఈమధ్య లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ (యూసీఎల్) వాళ్ల ఆర్కిటెక్చర్ స్కూలు బార్ట్‌లెట్ పైకి వచ్చింది. ఆ ర్యాంకింగ్‌లో ప్రొఫెసర్ల మధ్య పేరు, ఉద్యోగాలిచ్చేవాళ్ల అభిప్రాయం, పరిశోధనా పత్రాల ప్రభావం లాంటివి కొలుస్తారు. మొదటి ఏడాది స్టూడియోలో (డిజైన్ పని చేసే క్లాసులో) మీ డ్రాయింగ్ పక్కన కూర్చుని ఎవరైనా అరగంట మాట్లాడతారా లేదా అన్నది అందులో ఎక్కడా రాదు.

పరీక్షతో సీటిచ్చేవి

పరీక్ష పద్ధతిలో న్యాయం ఏమిటంటే అందరికీ అదే పేపరు, ఎవరి సిఫారసు లెటరూ అక్కర్లేదు. లోపం ఏమిటంటే మూడు గంటల్లో మీరు ఎలా ఉన్నారన్నదే లెక్క. భారతదేశంలో ఇది బాగా స్థిరపడిన పద్ధతి. ఢిల్లీ, భోపాల్, విజయవాడ ఎస్‌పీఏలు (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), కొన్ని ఎన్ఐటీలు జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ ర్యాంకుతో తీసుకుంటాయి. ఆ పేపర్లో మొత్తం 400 మార్కుల్లో లెక్కలకి 100, ఆప్టిట్యూడ్‌కి 200, డ్రాయింగ్‌కి 100. చాలామంది పిల్లలు లెక్కల భయంతో రోజంతా లెక్కల మీదే కూర్చుంటారు, సగం మార్కులున్న ఆప్టిట్యూడ్‌ని చివరి నెలకి వదిలేస్తారు. మార్కుల పంపకం చూశాక కూడా అలా చేయకండి.

ఐఐటీల లెక్క వేరు. ఖరగ్‌పూర్, రూర్కీ లాంటి చోట్ల బీఆర్క్ (ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ) కావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించి, ఆ తర్వాత ఏఏటీ అనే ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. ఇక్కడ పిల్లలకి తరచుగా తెలియని విషయం ఒకటుంది. ఏఏటీలో ర్యాంకు ఉండదు, పాసా కాదా అంతే. సీటు వచ్చేది అడ్వాన్స్‌డ్ ర్యాంకుని బట్టే. కాబట్టి మీ చేతిలో డ్రాయింగ్ ఎంత అద్భుతంగా ఉన్నా ఐఐటీలో అది మిమ్మల్ని పైకి లేపదు, గడప దాటిస్తుంది, అంతవరకే. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మీ బలమైతేనే ఆ దారి. డ్రాయింగే మీ ప్రాణం అయితే 2006 నుంచి ఉన్న నాటా (ఆర్కిటెక్చర్ జాతీయ ఆప్టిట్యూడ్ టెస్ట్) స్కోరుతో తీసుకునే కాలేజీలు, పేపర్ 2ఏ కాలేజీలు మీకు ఎక్కువ న్యాయం చేస్తాయి.

మిలాన్ పాలిటెక్నిక్ కూడా ఎంట్రన్స్ టెస్ట్ పెట్టే స్కూలే, ఇంగ్లీష్‌లో చదువుకునే కోర్సులు ఉన్నాయి, యూరప్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ కావాలనుకునేవాళ్లు దాన్ని మర్చిపోకండి. అమెరికాలో కాల్ పాలీ శాన్ లూయిస్ ఒబిస్పోది మరో దారి. అక్కడ డిగ్రీలో చేరడానికి పోర్ట్‌ఫోలియో అడగరు, ప్రధానంగా స్కూల్లో చదివిన సబ్జెక్టులు, మార్కులే చూస్తారు. బొమ్మలు వేసే అలవాటు ఇంకా లేదు గానీ చదువులో బలంగా ఉన్నాను అనుకునే పిల్లలకి ఐదేళ్ల బీఆర్క్‌తో ఇలాంటివి దొరకడం అరుదు.

పోర్ట్‌ఫోలియో చూసేవి

ఎక్కువ అపోహలు ఉన్నది ఇక్కడే కాబట్టి దీని మీద ఎక్కువ రాస్తాను.

లండన్‌లోని ఏఏ (ఆర్కిటెక్చరల్ అసోసియేషన్) స్కూలు, బార్ట్‌లెట్, అమెరికాలో కార్నెల్, లాస్ ఏంజిలెస్ సై-ఆర్క్, ఇవన్నీ పోర్ట్‌ఫోలియోకి చాలా బరువు ఇస్తాయి. 1847లో మొదలైన ఏఏలో ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. జాహా హదీద్ బేరూత్‌లో మ్యాథమెటిక్స్ చదివి 1972లో ఏఏకి వచ్చారు. రెమ్ కూల్‌హాస్ అంతకుముందు జర్నలిస్టుగా, స్క్రిప్ట్ రైటర్‌గా పని చేసి అక్కడ చేరారు. ఇద్దరూ తర్వాత ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. ఇలాంటి స్కూళ్లకి కావాల్సింది అప్పటికే ఆర్కిటెక్ట్‌లా గీసే పిల్లలు అనుకుంటే పొరపాటు. ఒక విషయాన్ని పట్టుకుని వదలకుండా చూసే పిల్లలు కావాలి.

చాలా పోర్ట్‌ఫోలియోల్లో మొదటి పేజీలోనే ఒక గాజు మేడ కంప్యూటర్ రెండరింగ్ ఉంటుంది, సూర్యాస్తమయం, ముందు కొలను, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన మనుషులు. చూసేవాళ్లకి అందులో సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది, మీరు కనిపించరు. దాని బదులు ఒక మెట్ల వరసని తీసుకోండి. మీరు రోజూ ఎక్కి దిగేదే. టేపు పట్టుకుని ఒక్కో రైజర్ (మెట్టు నిలువు భాగం) ఎత్తు, ఒక్కో ట్రెడ్ (అడుగు పెట్టే భాగం) వెడల్పు కొలవండి. సౌకర్యంగా ఎక్కగలిగే మెట్లలో రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే సుమారు 600 నుంచి 640 మిల్లీమీటర్లు వస్తుంది, ఈ లెక్క 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా బ్లాండెల్ చెప్పినదాని నుంచి వచ్చింది. మీరు కొలిచిన మెట్లలో అది ఎక్కడ తప్పింది? మొదటి మెట్టు మిగతావాటికంటే పొట్టిగా ఎందుకుంది, తర్వాత నేల మీద ఇంకో పొర వేశారా? పెద్దవాళ్లు ఎక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తున్నారు, అక్కడ గోడకి రంగు ఎలా అరిగింది? ఒక సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్), ఒక ప్లాన్ (పైనుంచి చూసినట్టు వేసేది), ఆ అరిగిన గోడ దగ్గరగా వేసిన ఒక పెన్సిల్ డ్రాయింగ్, పక్కన కొలతలు, తప్పు వేసి కొట్టేసిన షీటు కూడా. ఆ నాలుగు పేజీలు పది రెండరింగుల కంటే గట్టిగా మాట్లాడతాయి, ఎందుకంటే ఇంటర్వ్యూలో వాటి గురించి మీరు అరగంట చెప్పగలరు.

ఫొటోలు, కుట్టుపని, చెక్కపని, మట్టితో చేసినవి, సైకిల్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు వేసుకున్న స్కెచ్, ఏదైనా సరే పెట్టొచ్చు. పెట్టకూడనిది ఒక్కటే, వేరేవాళ్లు చేసిపెట్టినది. డబ్బు తీసుకుని పోర్ట్‌ఫోలియో తయారుచేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గరకి వెళ్లకండి, పట్టుబడతారన్న భయంతో మాత్రమే చెప్పడం లేదు, స్టూడియోలో మొదటి నెలలోనే మీరు చేయలేని పని మీ పేరు మీద ఉంటుంది, ఆ టెన్షన్ మోయడం చాలా కష్టం.

ఒక్కో స్కూలు అడిగే పేజీలు, ఫైల్ సైజు, గడువు వేరుగా ఉంటాయి, ఏటా మారతాయి కూడా, కాబట్టి ఆ ఏడాది స్కూలు ఇచ్చిన సూచనలే చూడండి. ఒకే పీడీఎఫ్ అందరికీ పంపేయడం మాత్రం వద్దు.

ముందు చేర్చుకుని తర్వాత వడపోసేవి

స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ 1855 నుంచి నడుస్తోంది, అక్కడ ఆర్కిటెక్చర్ విభాగాన్ని మొదట నడిపింది జర్మన్ ఆర్కిటెక్ట్ గాట్‌ఫ్రీడ్ సెంపర్. స్విట్జర్లాండ్‌లో మతూరా (స్కూలు చివరి పరీక్ష) పాసైనవాళ్లకి ఎంట్రన్స్ లేదు, నేరుగా చేరిపోవచ్చు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ మొదటి ఏడాది పరీక్ష ఉంటుంది, దాన్ని రెండుసార్లకి మించి రాయనివ్వరు. రెండోసారీ తప్పితే ఆ కోర్సుకి నమస్కారం పెట్టాల్సిందే. బయటి దేశాల వాళ్లకి వాళ్లు చదివిన సర్టిఫికెట్‌ని బట్టి ఎంట్రన్స్ పరీక్ష పడొచ్చు, బ్యాచిలర్స్ చదువు జర్మన్‌లో సాగుతుంది, 2025 శరత్కాలం నుంచి కొత్తగా చేరే విదేశీ విద్యార్థులకి ఫీజు మూడింతలు చేశారు. అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరెస్ యూనివర్సిటీది ఇంకా విశాలమైన తలుపు, ఎంట్రన్స్ లేదు, కానీ అందరూ సీబీసీ అనే మొదటి ఏడాది కామన్ కోర్సు దాటి రావాలి, చదువు స్పానిష్‌లో.

ఇక్కడ పోటీ పక్కవాడితో కాదు, ఆ ఏడాదితో. పదిహేడేళ్లకి పోర్ట్‌ఫోలియో లేని పిల్లలకి ఇది గొప్ప అవకాశం, ఎందుకంటే ఎవరూ మిమ్మల్ని ముందే తేల్చేయరు. కానీ ఒక ఏడాది పోతే తట్టుకోగలరా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి, ముఖ్యంగా వేరే భాష నేర్చుకుంటూ చదవాలంటే. భాష రాకుండా చేరిన వాళ్లకి ఇబ్బంది డ్రాయింగ్‌లో రాదు, క్రిట్‌లో వస్తుంది. మీ పని గోడకి తగిలించి నలుగురి ముందు దాన్ని మీరు సమర్థించుకోవాలి, మాట తడబడితే మంచి పని కూడా చిన్నదిగా కనిపిస్తుంది.

మాస్టర్స్ దారి

దీన్ని చాలామంది రెండో తరగతి దారిగా చూస్తారు, నాకు మాత్రం ఇదే చాలామందికి సరైన దారి అనిపిస్తుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా లాంటి చోట్ల ఏ డిగ్రీ చదివినవాళ్లయినా చేరగలిగే ఎంఆర్క్ (ఆర్కిటెక్చర్ మాస్టర్స్) ఉంది, సుమారు మూడు నుంచి మూడున్నర ఏళ్లు. లిటరేచర్, బయాలజీ, ఎకనామిక్స్ చదివినవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. ఇరవై రెండేళ్లకి వేసే పోర్ట్‌ఫోలియో పదిహేడేళ్లకి వేసినదానికంటే చాలాసార్లు బలంగానే ఉంటుంది, కొంచెం లోకం చూసి ఉంటారు కాబట్టి. బ్రిటన్‌లో ఆర్కిటెక్ట్ కావడానికి పార్ట్ 1, పార్ట్ 2, పార్ట్ 3 అని మెట్లు ఉన్నాయి, పార్ట్ 1 (డిగ్రీ) ఒకచోట, కొంతకాలం ఆఫీసులో పని, పార్ట్ 2 (మాస్టర్స్) ఇంకోచోట చేసినవాళ్లు కోకొల్లలు. నెదర్లాండ్స్‌లో టీయూ డెల్ఫ్ట్ మాస్టర్స్ ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. డిగ్రీలో పెద్ద పేరున్న స్కూల్లో సీటు రాకపోతే అంతా అయిపోయిందని ఏడ్చే పిల్లలకి ఈ ముక్క ముందే చెప్పాలి.

లైసెన్స్ లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. అమెరికాలో ఐదేళ్ల బీఆర్క్ గుర్తింపు పొందిన డిగ్రీ, నాలుగేళ్ల బీఎస్ కాదు, దాని తర్వాత ఎంఆర్క్ చేయాలి. ఎంఐటీ డిగ్రీ నాలుగేళ్ల రకం, కార్నెల్‌ది ఐదేళ్ల బీఆర్క్, రైస్‌లో బీఆర్క్ మధ్యలో ఒక ఏడాది ఆఫీసులో పని చేయిస్తారు. పేరు ఒకటే చూసి ఎంచుకుంటే చివర్లో రెండు మూడేళ్లు, వాటి ఖర్చు అదనంగా నెత్తిన పడతాయి. చదివిన దేశం ఒకటి, పని చేయాలనుకున్న దేశం ఇంకొకటి అయితే, ఆ డిగ్రీని అక్కడి కౌన్సిల్ గుర్తిస్తుందా అన్నది చేరక ముందే తేల్చుకోండి. పేరున్న జపాన్ ఆర్కిటెక్ట్ తదావో ఆండో ఏ ఆర్కిటెక్చర్ స్కూల్లోనూ చదవలేదు, తర్వాత టోక్యో యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ అయ్యారు అని చాలామంది చెబుతుంటారు. నిజమే, కానీ ఇవాళ చాలా దేశాల్లో డిగ్రీ లేకుండా లైసెన్స్ పరీక్ష దగ్గరకే రానివ్వరు.

ఇక ఎంచుకోవడం

లెక్కలు గట్టిగా ఉండి, టైమ్ పెట్టి రాసే పరీక్షలో చెయ్యి వణకని పిల్లలు పరీక్ష దారి పట్టండి, ఖర్చు కూడా చాలాసార్లు తక్కువే. ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ, విప్పుతూ, గీస్తూ ఉండి మార్కులు మాత్రం ఒడుదొడుకులుగా ఉన్నవాళ్లు పోర్ట్‌ఫోలియో స్కూళ్ల వైపు చూడండి, కాకపోతే ఏఏ లాంటి ప్రైవేటు స్కూళ్ల ఫీజు, ఆ నగరంలో ఉండే ఖర్చు కలిపి లెక్క వేశాకే. ఇంకా తేల్చుకోని వాళ్లు, ఆర్కిటెక్చరో కాదో అన్న అనుమానం ఉన్నవాళ్లు, ముందు ఇష్టమైన డిగ్రీ చేసి మాస్టర్స్‌కి రండి, లేదా ఎంఐటీలా లోపలికి వెళ్లాక ఎంచుకునే చోట్లు చూడండి.

అప్లికేషన్లన్నీ ఒకే రకం స్కూళ్లకి పెట్టకండి. ఆరు పోర్ట్‌ఫోలియో స్కూళ్లకి వేసి, పోర్ట్‌ఫోలియో బలహీనంగా ఉంటే ఆరూ ఒకేసారి పోతాయి. అలాగని పరీక్షకి, పోర్ట్‌ఫోలియోకి సమానంగా సమయం పంచినా రెండూ అరకొరగా మిగులుతాయి. ఒకటి ప్రధానంగా పెట్టుకుని, రెండోదానికి వారంలో ఒక రోజు కేటాయిస్తే సరిపోతుంది.

రెండు స్కూళ్ల మధ్య ఊగిసలాడుతుంటే వాటి విద్యార్థుల పని చూడండి. ఏఏ, బార్ట్‌లెట్ ఏటా విద్యార్థుల పని ప్రదర్శనకి పెడతాయి, చాలా స్కూళ్లు ఇలాంటివి చేస్తాయి. అందరూ ఆఖరి ఏడాది వాళ్ల మోడల్స్ చూసి మురిసిపోతారు. మీరు మొదటి ఏడాది వాళ్ల గోడ దగ్గరకి వెళ్లండి. అన్ని షీట్లూ ఒకే చేత్తో వేసినట్టు ఉంటే అక్కడ ఒక శైలి నేర్పుతున్నారని అర్థం. పనులు వేర్వేరుగా ఉండి, బలహీనమైనవి కూడా ధైర్యంగా పెట్టి ఉంటే అక్కడ పిల్లల్ని పిల్లలుగా చూస్తున్నారని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఎవరైనా దొరికితే రెండే అడగండి, ఒక టీచర్‌కి స్టూడియోలో ఎంతమంది, రాత్రుళ్లు నిద్ర పోనివ్వని సబ్మిషన్లు నెలకి ఎన్ని అని. నిద్ర లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకునే స్కూలంటే నాకు భయం. టాప్ స్కూల్ అయినా సరే.

సీటు రాకపోయి, మళ్లీ వేద్దామనుకుంటే అదే పోర్ట్‌ఫోలియోని సర్ది పంపకండి. పాతదాన్ని ఏమాత్రం సంబంధం లేని మనిషికి ఇచ్చి, పేజీలు తిప్పుతుంటే ఎక్కడ ఆగారో గమనించండి. ఆగిన ఆ రెండు మూడు పేజీలు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టండి. ఆర్కిటెక్ట్ ఆఫీసులో గానీ, కాంట్రాక్టర్ దగ్గర గానీ, వడ్రంగి దగ్గర గానీ కొన్ని నెలలు పని దొరికితే చేయండి, సైట్‌లో చూసినవి రోజూ ఒక నోట్‌బుక్‌లో గీసుకోండి. తర్వాతి ఏడాది పోర్ట్‌ఫోలియోలో కొత్త పేజీలు ఆ నోట్‌బుక్ నుంచే వస్తాయి.